మద్యము మాన్పించిన రాజు, దేశములు తిరిగిన సోజు

కొరియా దేశమును 52 సంవత్సరములు పాలించి, జొసన్ రాజవంశమున అందరికంటె దీర్ఘకాలము సింహాసనమున నిలిచిన యోంగ్జో మహారాజు 1776లో కాలధర్మము నొందెను. 2026తో ఆయన నిర్యాణమునకు 250 ఏండ్లు నిండుచున్నవి. ఈ సందర్భమున ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, ఆ రాజు పన్నుల భారమును తగ్గించిన వైనమును గూర్చియో, కక్షలతో చీలిన కొలువును సమాధానపరచిన నేర్పును గూర్చియో వ్రాయుట మర్యాదగా నుండెడిది. కాని ప్రజలు చుక్క ముట్టరాదని పదేండ్లకు పైగా పట్టుబట్టిన ఆ వృద్ధుని తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు ఆయనను విడిచి, ఆయన నిషేధించిన వస్తువు వెంటనే పోవుచున్నది. ఆ వస్తువు నేడు సోజు అను పేర, లోకమున మిక్కిలిగా అమ్ముడుపోవు సారాయిలలో ఒకటై కూర్చున్నది.

కొరియనులు ఎప్పటినుండి త్రాగుచున్నారను ప్రశ్నకు పురాణమే తొలి సాక్షి. 12వ శతాబ్ది చివర యీ గ్యూబో అను కవి రచించిన వీరగాథలో, దేవపుత్రుడైన హేమోసు నదీదేవత కుమార్తెలు మువ్వురకు మద్యము పోయగా, ఇద్దరు తప్పించుకొనిరి, ఒకతె చిక్కెను. ఆమె కన్న కుమారుడే కొగుర్యో రాజ్యమును స్థాపించెను. ఇట్లు మత్తులో మొదలైన చరిత్ర 13వ శతాబ్దిలో మంగోలు దండులు వచ్చిన పిమ్మట కొత్త మలుపు తిరిగెను. ఆ దండులు తమతో బట్టీపెట్టు విద్యను తెచ్చినవి. వారు విడిసిన కేసాంగ్, ఆన్‌దోంగ్, చేజు ద్వీపము సోజునకు ప్రసిద్ధికెక్కినవి. దండులు పోయెను గాని బట్టీలు పోలేదు.

అంతకుముందున్నది, ఆ తరువాతను ఇంటింట నిలిచినది, బియ్యపు మద్యము. గోధుమలను కచ్చాపచ్చాగా దంచి, తడిపి, అచ్చులో త్రొక్కి బిళ్లలుగా చేసి బూజు పట్టనిత్తురు. దీనిని నురుక్ అందురు. ఆవిరిపై ఉడికిన బియ్యమును, నురుక్ పొడిని, నీటిని మట్టిజాడీలో కలిపి ఉంచగా, పిండి చక్కెరగా మారుటయు, ఆ చక్కెర మద్యముగా మారుటయు ఒక్క జాడీలోనే జరుగును. పైన తేరిన తేటను వంచుకొన్నచో యక్జు. అడుగున మిగిలినదానిని నీళ్లు పోసి పిసికి వడకట్టినచో తెల్లని, చిక్కని మక్కొల్లి. తేటను బట్టీపెట్టినచో సోజు. 1670 ప్రాంతమున చాంగ్ గ్యేహ్యాంగ్ అను కులీన గృహిణి తన యింటి ఆడుబిడ్డల కొరకు దేశభాషలో వ్రాసిపెట్టిన వంటల పుస్తకమున 146 వంటకములుండగా, వానిలో 51 మద్యము చేయు విధానములే. పితృకార్యమునకు మద్యము కావలెను, అతిథికి కావలెను. అది చేయుట ఇల్లాలి బాధ్యత. యోంగ్జో రాజు చేయి పెట్టినది ఈ జాడీలోనే.

కరవు కాలమున బియ్యము జాడీలపాలగుట చూడలేక జొసన్ రాజులు అప్పుడప్పుడు మద్యమును నిషేధించుట కలదు. వాన పడగానే సడలించుటయు కలదు. యోంగ్జో అట్టివాడు కాడు. 1750ల నడుమ ఆయన విధించిన నిషేధము 1767 వరకు సడలలేదు. పితృదేవతలకు సైతము మద్యమునకు బదులు తియ్యని అన్నపు పానీయమునే నివేదింపవలెనని ఆయన శాసించెను. తాత తండ్రులే మానగా బ్రతికియున్నవారికి చెప్పుకొనుటకేమున్నది?

అట్లని రాజుగారి నోటిని గూర్చి నగరము మౌనముగా లేదు. 1736లోనే ఒక ఉద్యోగి కొలువులో ధైర్యము చేసి, ప్రభువులు మద్యము మానలేకున్నారని జనులు చెప్పుకొనుచున్నారని విన్నవించెను. దాహమైనప్పుడు తాను ఒమిజా పండ్ల కషాయము త్రాగుచుందుననియు, చూచువారు దానిని సోజు అని భ్రమపడుచుందురనియు రాజు సెలవిచ్చినట్లు రాజవంశ దినచర్యలో నమోదైయున్నది. ఒమిజా కషాయము చక్కని ఎరుపు. సోజు సాధారణముగా నీటివలె నిర్మలము. అయినను ప్యోంగ్‌యాంగ్ ప్రాంతమున ఎఱ్ఱని సోజులును చేసెడివారు గనుక రాజుగారి మాటను కొట్టివేయుటకు వీలులేదు. పూర్తిగా నమ్ముటకును నాకు మనసొప్పదు.

నవ్వు ఇంతటితో సరి. 1756 వేసవిలో రాజు చెప్పకుండ యువరాజు సాదో మందిరమునకు వచ్చెను. అప్పటికే తండ్రి కోపమునకు భయపడి భయపడి మతి చలించుచున్న ఆ యువకుడు తల దువ్వక, బట్టలు సరిచేసికొనక యుండెను. ఆ వేషము చూచి రాజు, త్రాగినావా, నీకెవరు తెచ్చియిచ్చిరని నిలదీసెను. సాదో త్రాగలేదు. కాని తండ్రి ఎదుట కాదనలేక త్రాగితినని ఒప్పుకొని, తెచ్చియిచ్చినదని ఒక వంటింటి దాసి పేరు కూడ చెప్పెను. వృద్ధురాలైన దాది ఊరకుండలేక, ఇది అబద్ధము, దొరవారి నోరు వాసన చూడుడని మొరపెట్టగా, పెద్దల యెదుట గొంతెత్తితివని సాదో ఆమెనే కసరెను. నాడే దీపము దొర్లి మందిరమునకు నిప్పంటుకొనగా, అదియును కుమారుడు కావలెనని చేసినపనియే యని రాజు నిందించెను. ఈ కథను మనకు చెప్పినది సాదో భార్య హ్యెగ్యోంగ్. ఎన్నో యేండ్ల తరువాత ముదిమిలో ఆమె వ్రాసిన స్మృతులలో ఇది కలదు. చేయని తప్పును ఒప్పుకొనునంతగా ఒక నిషేధము మనిషిని భయపెట్టునని తెలుపుటకు ఇంతకుమించిన సాక్ష్యము నేను చదువలేదు.

1762లో సాదో తండ్రి యాజ్ఞచే బియ్యపు పెట్టెలో బంధింపబడి మరణించెను. ఆ యేడే యూన్ గూయన్ అను సేనానిని నిషేధము మీరినాడని ఉత్తరపు సరిహద్దు నుండి రాజధానికి రప్పించిరి. సాక్ష్యముగా నిలిచినది మద్యపు వాసన మిగిలిన జాడీ. దక్షిణ ద్వారము చెంత రాజు స్వయముగా కూర్చుండగా ఆయన తల తీయించిరి. అడ్డుపడిన మంత్రులు పదవులు కోల్పోయిరి. 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చుకొని 1997లో వదలుకొన్న తెలుగువారము, మన యెక్సైజు వారెంత కఠినులైనను, వాసనకు తల తీసిన కథ మనకు లేదని ఊరడిల్లవచ్చును.

దైవము కూడ ఒక్కొక్కప్పుడు చమత్కారి. యోంగ్జో వెనుక రాజైనవాడు సాదో కుమారుడు జొంగ్జో. ఈయన పండితుడు, ప్రజాహితుడు, మిక్కిలి త్రాగరి. మత్తెక్కక ఎవరును ఇల్లు చేరరాదన్నది ఆయన విందులలోని నియమము. దాసాన్ అను బిరుదనామముతో ప్రసిద్ధుడైన పండితుడు చొంగ్ యక్‌యోంగ్‌కు ఒకనాడు కలములుంచు పచ్చరాతి పాత్ర నిండ మూడుమార్లు బట్టీపెట్టిన సోజు పోసి ఇచ్చినాడట. ఈనాటితో నా పని సరి యనుకొంటినని దాసాన్ కుమారునికి వ్రాసిన లేఖలో చెప్పుకొన్నాడు. కుమారుని త్రాగవద్దని మందలించుటకు వ్రాసిన లేఖ అది!

ఇక్కడనుండి చరిత్ర సూటిగా నడువదు. రాజు ఖడ్గముతో చేయలేనిది, కొరియాపై పెత్తనము చేజిక్కించుకొన్న జపాను ప్రభుత్వము పన్నుతో చేసెను. 1909లో మద్యముపై పన్ను వచ్చెను. 1934 నాటికి ఇంట కాచుకొను అనుమతులు రద్దయ్యెను. చాంగ్ గ్యేహ్యాంగ్ పుస్తకమందలి 51 విధములు, వాని వెనుకటి వందలు, జాడీలతోపాటు అటకెక్కెను. ఈ నడుమనే, 1924లో, ఇప్పుడు ఉత్తర కొరియాలోనున్న యోంగాంగ్‌లో జిన్రో సంస్థ పుట్టెను. యుద్ధముతో దక్షిణమునకు తరలివచ్చెను. దేశము చీలిన తరువాత మరల బియ్యమునకు కరవు. 1965లో ధాన్యముతో సోజు బట్టీపెట్టుట నిలిపివేసిరి. అప్పుడు చిలగడదుంప, కర్రపెండలము వంటివానినుండి తీసిన గాఢమైన స్పిరిటును నీటితో పలుచన చేసి, తీపి కలిపి సీసాలలో నింపిరి. నేటి సోజు ఇదియే. జిన్రో తొలినాళ్లలో 35 శాతముండిన మద్యసారము 1973లో 25కు, నేడు 16 ప్రాంతమునకు దిగెను. మక్కొల్లికిని బియ్యము నిరాకరింపబడి గోధుమపిండియే గతియయ్యెను; 1977లో గాని బియ్యము తిరిగి రాలేదు. ఇంట కాచుకొను హక్కు 1995లో మరల లభించెను. అప్పటికి కాచ నేర్చిన అవ్వలెందరు మిగిలిరి?

విదేశములలో వెదకువానికి మొదట ఎదురగునది ఈ పలుచని సోజే, ఆకుపచ్చ సీసాలో. చెన్నైలో హ్యుందాయ్ వెంట వచ్చిన కొరియా భోజనశాలలలో నాకు పరిచయమైనదియు ఇదియే: చల్లగా, కొంచెము తియ్యగా, చెప్పుకొనదగిన గుణము గాని దోషము గాని లేక. నాకు నచ్చినది సీసాలోనిదానికంటె, చిన్నవాడు పెద్దవానికి రెండు చేతులతో పోయు వినయమును, తాను త్రాగునప్పుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకొను సిగ్గును. పెనుకొండ దగ్గర కియా కర్మాగారమున 2019లో కార్ల తయారీ మొదలైన తరువాత ఆ మర్యాద మన సీమకును వచ్చినది. సీసా మాత్రము అంత సులభముగా రాదు. చాలవరకు విదేశీ మద్యముపై మన దేశమున 150 శాతము దిగుమతి సుంకము చిరకాలముగా నున్నది. ప్రతి రాష్ట్రమున లేబులును వేరుగా నమోదు చేయింపవలెను. అందుచే బెంగుళూరులో దొరకినది హిందూపురమున దొరకునను నమ్మకము లేదు.

అమెరికాలో కథ వేరు. 1998లో కాలిఫోర్నియా శాసనసభ, 24 శాతము మించని సోజును బీరు, ద్రాక్షసారా అనుమతి మాత్రమేయున్న భోజనశాలలును అమ్మవచ్చునని చట్టము చేసెను. తరువాత న్యూయార్కు ఆ బాటపట్టెను. ఆ వెసులుబాటు కొరకు జపాను సారాయియైన షోచు ఉత్పత్తిదారులు సైతము కొన్నేండ్లు తమ సీసాలపై సోజు అని వ్రాసికొనుట చరిత్రలోని చిన్న ప్రతీకారము. జిన్రో ఒక్కటే ఏటా తొమ్మిది కోట్లకు పైబడిన పెట్టెలు అమ్ముచున్నది. మక్కొల్లికి ఈ అదృష్టము లేదు. పచ్చి మక్కొల్లి మన కల్లువంటిది, సీసాలో నుండియు పులియుచునేయుండును. కొలది వారములు దాటినచో పుల్లనగును. అందుచే ఓడ యెక్కునది ప్రాయికముగా కాచి చల్లార్చినదే, ప్రాణము పోయినదే. జపానులో 2011 వరకు దానిపై కలిగిన మోజు అంతే వేగముగా దిగిపోయెను. బియ్యముతో, నురుక్‌తో సోజు చేయు పాతపద్ధతిని బ్రూక్లిన్‌లో ఒక అమెరికనుడు 2016లో చేపట్టి, తరువాత తన బట్టీని కొరియాకే తరలించినాడు. యోంగ్జో ఏమనియుండెడివాడో!

కావున పాఠకులకొక మనవి. సియోలునకో, సింగపూరునకో, అమెరికాలో ఎడిసన్‌లోని బంధువుల యింటికో పోవువారు, త్రాగు అలవాటున్నచో, ఆకుపచ్చ సీసా ఒక్కటి రుచిచూచి కొరియా మద్యమింతేయని తీర్పు చెప్పవలదు. లేబులు వెనుకకు త్రిప్పి చదువుడు. బియ్యము, నురుక్, నీరు తప్ప మరేమియు లేని సీసా, ఆన్‌దోంగ్ సోజు గాని, యక్జు గాని కనిపించినచో, ధర రెండింతలైనను దానినే తీసికొనుడు. పచ్చి మక్కొల్లి దొరకినచో సీసాను కుదుపక, మెల్లగా తలక్రిందులు చేసి, మూతను కొంచెము కొంచెముగా విప్పుడు.