సెలవు మీద వెళ్ళిన చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు "పింఛను లెక్కలూ, డి.ఎ. బకాయిలూ వద్దు, అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి, చరిత్ర విషయం రాయండి" అని ముందే షరతు పెట్టారు. చరిత్ర చదవడం నాకున్న ఏకైక వ్యసనం కనుక సంతోషంగా ఒప్పుకున్నాను. అయితే నేను రాయబోయేది రాజుల యుద్ధాల గురించి కాదు, సెలవు గురించి. ఆ సెలవుల మీద ఒక చిన్న ఊళ్ళో జరిగిన చరిత్ర గురించి.

నేను 1970లో ఉద్యోగంలో చేరి 2006లో పదవీ విరమణ చేశాను. ఆ 36 ఏళ్ళలో నా సెలవు ఖాతా చూసిన ప్రతి సూపరింటెండెంటూ మెచ్చుకున్నవారే. ఆర్జిత సెలవు వాడుకున్నది బహు తక్కువ. వీలున్నంత సరెండర్ చేశాను, మిగిలింది చివర్లో డబ్బు చేసుకున్నాను. మా ఆవిడ "ఎక్కడికైనా ఒక వారం వెళ్ళొద్దామండీ" అన్నప్పుడల్లా "ఇప్పుడు కాదు, ఆడిట్ ఉంది" అనో, "సెలవు దాచుకుంటే పిల్లల చదువుకు పనికొస్తుంది" అనో చెప్పేవాణ్ణి. ఆమె మళ్ళీ అడిగేది కాదు.

2018 జూన్‌లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మమ్మల్ని పిలిపించుకున్నాడు. అప్పటికి మా ఆవిడ మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. "అమ్మకు వేడినీళ్ళు మంచిది, నాలుగు రోజులు వెళ్ళొద్దాం" అని వాడు మమ్మల్ని రైలెక్కించి సాల్జ్‌బర్గ్ మీదుగా ఆస్ట్రియాలోని బాడ్‌గస్టైన్ అనే ఊరికి తీసుకెళ్ళాడు.

'బాడ్' అంటే జర్మన్ భాషలో స్నానం. ఆల్ప్స్ పర్వతాలలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, నిట్టనిలువు లోయ గోడలకు అతుక్కున్నట్టు కట్టిన ఊరు అది. వీధిలోంచి లోపలికి అడుగుపెడితే అది నేల అంతస్తు అనుకుంటాం, కింద ఇంకా నాలుగైదు అంతస్తులు ఉంటాయి. ఊరి నడిబొడ్డున పెద్ద జలపాతం మూడు అంచెలుగా మొత్తం 341 మీటర్లు దిగుతుంది. ఆ హోరు రాత్రింబవళ్ళు ఆగదు. మొదటి రాత్రి మా ఆవిడ "వాన ఆగిందేమో చూడండి" అని రెండుసార్లు నన్ను లేపింది. వాన లేనే లేదు.

ఆ కొండల మీద కురిసిన నీరు రాళ్ళ సందుల్లోంచి భూమి లోతుల్లోకి ఇంకి, అక్కడి వేడికి కాగి, వేల సంవత్సరాల తర్వాత ఊటలుగా పైకి వస్తుంది. రోజుకు సుమారు 50 లక్షల లీటర్లు. వేడి 46 డిగ్రీల దాకా ఉంటుంది. గంధకం వాసన ఉంటుందనుకున్నాను కాని వాసనా లేదు, రుచీ లేదు, మంచినీళ్ళలాగే ఉంటుంది. మరి అందులో ఏముందని జనం వస్తారన్నది చాలాకాలం ఎవరికీ అంతు పట్టలేదు. 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే ప్రసిద్ధ వైద్యుడు ఈ నీటి గురించి విచారించాడు. చివరకు 1904లో హైన్‌రిష్ మాఖే అనే శాస్త్రవేత్త ఈ నీటిలో రేడాన్ అనే రేడియో ధార్మిక వాయువు ఉందని తేల్చాడు.

పక్కనే బొక్‌స్టైన్‌లో ఇంకొక వింత. ఆ కొండల్లో పూర్వం బంగారం తవ్వేవారు. 1940లో మళ్ళీ బంగారం కోసం సొరంగం తవ్వితే బంగారం బదులు ఉక్కపోత, వేడిగాలి దొరికాయి. అయితే అందులో పనిచేసిన కార్మికులు తమ కీళ్ళనొప్పులు తగ్గాయని చెప్పడంతో వైద్యులు పరిశోధించి, 1952 నాటికి దాన్ని చికిత్సాలయంగా మార్చారు. నేటికీ రోగులను చిన్న రైలులో ఆ సొరంగంలోకి తీసుకెళ్ళి పడుకోబెడతారు. ముందు డాక్టరు పరీక్ష తప్పనిసరి. రేడియో ధార్మికత మంచిదా చెడ్డదా అన్న వాదం వైద్యుల్లో ఉండనే ఉంది. నా రక్తపోటు సంగతి తెలిసినవాణ్ణి కనుక నేను ఆ సాహసం చేయలేదు.

ఇక చరిత్రకు వస్తాను. 1825 ఆగస్టులో గాయకుడు ఫోగ్ల్ తన కీళ్ళవాతానికి చికిత్స కోసం ఇక్కడికి వస్తే, తోడు వచ్చిన మిత్రుడు షూబర్ట్ ఊరకే కూర్చోలేక ఒక పియానో సొనాటా రాసేశాడు. ఆ తర్వాత ప్రష్యా రాజు విల్‌హెల్మ్ పలుమార్లు ఇక్కడికి విశ్రాంతికి వచ్చేవాడు. రాజు సెలవులో ఉంటే ఫైలు ఊరుకుంటుందా? మంత్రి బిస్మార్క్ వెంట వచ్చాడు. 1865 ఆగస్టు 14న, స్నానాలకు వచ్చిన ఈ ఊళ్ళోనే, స్ట్రాబింగర్ హోటల్‌లో ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. డెన్మార్క్ నుంచి ఇద్దరూ కలిసి గెలుచుకున్న ష్లెస్విగ్‌ను ప్రష్యా, హోల్‌స్టైన్‌ను ఆస్ట్రియా పాలించుకోవాలి, లావెన్‌బర్గ్‌ను ప్రష్యా డబ్బిచ్చి కొనుక్కోవాలి అని. ఉమ్మడి ఆస్తిని గోడ కట్టి పంచుకున్న అన్నదమ్ముల ఒప్పందంలాంటిది అది. సంవత్సరం తిరక్కుండానే 1866లో ఇద్దరూ కొట్టుకున్నారు. ఏడు వారాల్లో ఆస్ట్రియా ఓడిపోయింది. మరో ఐదేళ్ళకు ఆ ప్రష్యా రాజే జర్మనీ చక్రవర్తి అయ్యాడు.

ఈ కథంతా చెబితే మా ఆవిడ "ఇంతకీ ఆ రాజుగారికి నొప్పులు తగ్గాయా?" అని అడిగింది.

"తగ్గాయో లేదో గాని, తొంభై ఏళ్ళు బతికాడు" అన్నాను.

"అయితే ఆయన సెలవులు దాచుకోలేదన్నమాట" అంది. నేను మాట మార్చాను.

మిత్రులారా, నన్ను ఆ ఊళ్ళో నిలబెట్టేసింది రాజులు కాదు, మన సుభాస్ చంద్ర బోస్. 1935లో వియన్నాలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగాక ఆయన ఆరోగ్యం పూర్తిగా కోలుకోలేదు. 1936 మార్చిలో ఈ ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నారు. ఏప్రిల్‌లో బొంబాయిలో దిగగానే ప్రభుత్వం అరెస్టు చేసింది. 1937 మార్చిలో విడుదలయ్యాక, నవంబరులో విమానంలో మళ్ళీ యూరప్ వచ్చి నేరుగా బాడ్‌గస్టైన్‌లో దిగారు. వచ్చే ఏడాది కాంగ్రెసు అధ్యక్ష పదవి తనదేనని దాదాపు తెలిసిన సమయం. జీవితంలో మళ్ళీ తీరిక దొరకదని ఆయనకు తెలిసే ఉండాలి.

ఆ డిసెంబరులో పది రోజుల్లో ఆయన తన ఆత్మకథ రాశారు. అందులో కథ పుట్టుక నుంచి 1921 వరకు వచ్చి ఆగిపోతుంది. 1920లో ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగో స్థానంలో నెగ్గి, 1921 ఏప్రిల్‌లో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన మనిషి ఆయన. జీవితమంతా సర్కారు నౌకరీని పట్టుకు వేలాడిన నాబోటివాడికి ఆ భాగం చదివితే కాస్త సిగ్గు వేస్తుంది. పుస్తకం పూర్తి కాలేదు. మళ్ళీ అలాంటి సెలవు ఆయనకు రాలేదు.

ఆ రోజుల్లో ఆయన పక్కన ఉన్నది ఎమిలీ షెంకెల్. ఆమెను మనవాళ్ళు "నేతాజీ భార్య" అని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తారు. ఆమె మన కేడర్ మనిషి అని నేనంటాను. 1934లో వియన్నాలో బోస్ పుస్తకం రాస్తూ షార్ట్‌హాండు, టైపు వచ్చినవారి కోసం వెతికితే దొరికిన ఉద్యోగిని ఆమె. 1937 డిసెంబరు 26న, ఆమె పుట్టినరోజునే, బాడ్‌గస్టైన్‌లో వారిద్దరూ రహస్యంగా వివాహం చేసుకున్నారని వారి కుటుంబీకులు రాశారు. తేదీ గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. బోస్ ఆ వివాహాన్ని లోకానికి ప్రకటించలేదు.

జనవరిలో ఆయన లండన్ వెళ్ళారు. ఫిబ్రవరిలో హరిపురలో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. మరుసటి ఏడు 1939 జనవరి 29న జరిగిన ఎన్నికలో బోస్‌కు 1580 ఓట్లు, ఆయన ప్రత్యర్థి మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారికి 1377 ఓట్లు వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. పట్టాభిగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకులోనే మనలో చాలామంది పింఛను తీసుకునేవాళ్ళం, 2020లో అది విలీనమయ్యే దాకా.

1942 నవంబరులో వియన్నాలో కూతురు అనిత పుట్టింది. 1943 ఫిబ్రవరిలో బోస్ జలాంతర్గామి ఎక్కి తూర్పుకు వెళ్ళిపోయారు. వారు మళ్ళీ కలవలేదు. యుద్ధం తర్వాత ఎమిలీ టెలిఫోన్ ట్రంక్ ఎక్స్‌చేంజిలో షిఫ్టుల్లో పనిచేసి తల్లినీ కూతురినీ పోషించింది. మరో వివాహం చేసుకోలేదు. భారతదేశం రాకుండానే 1996లో కన్నుమూసింది. బోస్ రాసిన ఉత్తరాలను మాత్రం దాచి ఉంచింది. అవి 1994లో పుస్తకంగా వచ్చాయి.

ట్రంక్ ఎక్స్‌చేంజిలో రాత్రి షిఫ్టు అంటే ఏమిటో మన సంఘంలో తంతి తపాలా శాఖవారిని కట్టుకున్నవారికి తెలుసు. ఊరందరి మాటలూ కలుపుతూ తన మాట చెప్పుకోవడానికి మనిషి లేకుండా ఆమె ఎన్ని రాత్రులు గడిపిందో! ఆమె జీవితంలో భర్తతో తీరికగా గడిపిన రోజులు ఎన్నని లెక్క వేస్తే, ఆ గస్టైన్ రోజులు అందులో ముఖ్యమైనవి. ఆరు వారాల సెలవు! ఆ సెలవును బోస్ వాయిదా వేసి ఉంటే ఆ పుస్తకమూ లేదు, ఆమెకు ఆ జ్ఞాపకమూ లేదు.

మేము వెళ్ళినప్పుడు ఆ స్ట్రాబింగర్ హోటలు, చుట్టుపక్కల రాజభవనాల్లాంటి కట్టడాలు ఏళ్ళ తరబడి ఖాళీగా, పాడుబడి ఉన్నాయి. రాజ్యాల ఒప్పందం మీద సంతకాలు జరిగిన చోట పావురాలు! తర్వాత బాగుచేయించి 2023లో మళ్ళీ తెరిచారని అబ్బాయి చెప్పాడు. కట్టడాలు నిలిస్తే మరమ్మతు చేయవచ్చు. మోకాళ్ళ విషయం అలా కాదు.

మా గదిలోని స్నానపు తొట్టికి ఆ ఊటనీరే వచ్చేది. మా ఆవిడ రోజూ పావుగంట అందులో కూర్చునేది. నాలుగో రోజు ఉదయం జలపాతం వంతెన దాకా నా చేయి పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. నీటి తుంపర కళ్ళజోడు మీద పడుతుంటే తుడుచుకుంటూ చాలాసేపు చూసింది.

"నీళ్ళు పనిచేశాయంటావా?" అని అడిగాను.

"నీళ్ళ సంగతి తెలియదండీ. పదేళ్ళ ముందు తెచ్చి ఉంటే ఆ మెట్లు కూడా ఎక్కేదాన్ని" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

ఈ సంచిక మనలో కొందరి పిల్లల చేతుల్లోనూ పడుతుంది. ఇంకా సర్వీసులో ఉన్నవారికి నా మనవి ఒక్కటే. సెలవు సరెండర్ చేస్తే వచ్చిన డబ్బు నేను దేనికి ఖర్చు పెట్టానో నాకు ఒక్క పైసా గుర్తులేదు. ఆ వంతెన మీద గడిపిన అరగంట మాత్రం గుర్తుంది. దరఖాస్తు పెట్టండి. మంజూరు కాకపోతే మళ్ళీ పెట్టండి.

ఇక సెలవు.