దిగులు పడితే కడుపెందుకు నొచ్చును?

పరీక్ష ఇంకా పది నిమిషాలున్నదనగా ఒక విద్యార్థి కడుపు పట్టుకొని కూర్చుంటాడు. పరీక్ష ముగిసిన గంటకు నొప్పి మాయమవుతుంది. ఇది చూచినవారు సాధారణంగా అతడు నటించినాడని అనుకుంటారు. ఆ అనుమానం న్యాయమైనదేనా? మన భాషనే అడిగి చూద్దాం. అసూయను మనం 'కడుపుమంట' అంటాము. బిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖం 'కడుపుకోత'. జాలి కలిగితే 'కడుపు తరుక్కుపోతుంది'. దిగులు పడ్డవానికి 'అన్నం సహించదు'. మనసుకూ కడుపుకూ లంకె ఉన్నదని తెలుగువారు ఏనాడో గమనించినారన్న మాట. ఈ లంకెను వేరువేరు దేశాల వైద్యులు ఎట్లా అర్థం చేసుకొన్నారో తెలిపే చరిత్ర ఆసక్తికరమైనది, హెచ్చరికగా కూడా పనికివచ్చేది.

ఈ చరిత్రలో ఒక ఘట్టం మన ముంగిటిలోనే ఉన్నది. జహీరాబాదు ప్రాంతంలోని న్యాల్‌కల్ ఈనాడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు న్యాల్‌కల్ సర్కిలు బీదరు తాలూకాలో భాగం. ఆ బీదరు ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని. 1436 నుండి 1458 వరకు పాలించిన రెండవ అల్లాఉద్దీన్ అహమ్మద్ షా అక్కడ ఒక వైద్యశాల కట్టించినాడనీ, దాని ఖర్చులకు గ్రామాల ఆదాయాన్ని కేటాయించినాడనీ, హిందూ వైద్యులనూ ముస్లిం వైద్యులనూ నియమించినాడనీ చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాసినాడు. అంటే ఆయుర్వేదమూ, యునానీ ఒకే కప్పు క్రింద రోగులకు సేవ చేసినవన్న మాట.

ఆ రెండు వైద్యాలూ మనసును మరువలేదు. మితంగా తిన్న హితమైన ఆహారం కూడ చింత, శోకం, భయం, క్రోధం ఉన్నప్పుడు సరిగా జీర్ణం కాదని చరక సంహిత చెపుతున్నది. అతిసారంలోని రకాలను వివరిస్తూ భయం వలన కలిగేదానినీ, శోకం వలన కలిగేదానినీ ఆ గ్రంథం వేరుగా పేర్కొన్నది. వాటికి ఔషధంతోపాటు రోగిని సంతోషపెట్టడం, ధైర్యం చెప్పడం కూడ చికిత్సలో భాగమే. యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు విషయాలు తప్పనిసరి అంటుంది. గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, మలినాల విసర్జన-నిలుపుదల అనేవి అయిదు. మనసు యొక్క చలనం, విశ్రాంతి ఆరవది.

చైనా వైద్యులు ఈ ఆలోచనను మరింత విస్తరింపజేసినారు. రెండు వేల సంవత్సరాలకు పూర్వపు 'హ్వాంగ్‌దీ నేయ్‌జింగ్' అనే గ్రంథం ఒక్కొక్క ఉద్వేగాన్ని ఒక్కొక్క అవయవానికి జోడించినది: కోపం కాలేయానికి, ఎడతెగని ఆలోచన ప్లీహానికి, భయం మూత్రపిండాలకు చేటు. ప్రకృతిలోని అయిదు తత్త్వాలలో కాలేయానిది వృక్ష తత్త్వం, ప్లీహ జీర్ణాశయాలది భూమి తత్త్వం. చెట్టు వేళ్ళు నేలను చీల్చుకొని పోయినట్లే, కోపంతో అణగియున్న కాలేయపు 'ఛీ' అనే ప్రాణశక్తి దారి తప్పి జీర్ణాశయం మీద పడుతుందనీ, అందుచేత నొప్పి, త్రేన్పులు, పొట్ట ఉబ్బరం కలుగుతవనీ వారు భావించినారు. ఆ శక్తిని తిరిగి సాఫీగా నడిపించడం కోసం మూలికలు, సూది చికిత్స వాడినారు.

క్రీ.శ. 1232లో మంగోలు సేనలు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించినవి. ముట్టడి సడలిన పిమ్మట నగరంలో జనం అసంఖ్యాకంగా మరణించినారు. చాలమంది వైద్యులు దానిని బయటి చలివలన వచ్చే జ్వరంగా ఎంచి చికిత్స చేసినారు. ఆ నగరంలో ఉండిన లీ గావ్ మాత్రం అంగీకరించలేదు. ఆకలి, వేళాపాళా లేని తిండి, అలసట, భయం కలిసి జనుల ప్లీహ జీర్ణాశయాలను ముందే కృశింపజేసినవనీ, అట్టివారికి తీవ్రమైన మందులిస్తే మరింత కీడనీ అతని వాదన. 1249లో అతడు పూర్తి చేసిన 'పి వెయ్ లున్' ప్లీహ జీర్ణాశయాలను గురించిన ప్రసిద్ధ గ్రంథం.

అతనికి కొంత ముందువాడైన ఝాంగ్ త్సుంగ్‌జెంగ్ (1156-1228) చికిత్స ఇంకా విచిత్రమైనది. ఒక గృహిణి అన్నం ముట్టక, సదా కేకలు వేస్తూ, చుట్టూ ఉన్నవారిని తిట్టిపోస్తూ ఉండేది. ఆరు నెలలు మందులిచ్చినా ఫలితం లేకపోయినది. ఝాంగ్ ఇద్దరు స్త్రీలకు ముఖాన రంగులు పూయించి ఆమె ఎదుట వేషాలు వేయించినాడు; ఆమె నవ్వినది. మరునాడు వారిచేత కుస్తీ పట్టించినాడు; మళ్ళీ నవ్వినది. తరువాత బాగా తినే ఇద్దరు స్త్రీలను ప్రక్కన కూర్చోబెట్టి, రుచిని మెచ్చుకొంటూ భోజనం చేయమన్నాడు. ఆమెకూ రుచి చూడాలనిపించినది. కొద్ది దినాలలో కోపం తగ్గి, ఆకలి పెరిగి, మందు లేకుండానే కోలుకొన్నదని అతని గ్రంథం చెపుతున్నది. చరకుడు చెప్పిన సంతోషపెట్టడమూ ఇదీ ఎంత దగ్గరగా ఉన్నవో గమనించవచ్చును.

అయితే ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడవలె. కోపం, భయం కడుపును బాధిస్తవన్న పరిశీలన సరియైనదే. కాని కాలేయం నుండి ఒక శక్తి జీర్ణాశయం మీదికి దూకుతుందన్న వివరణకు శరీరశాస్త్రంలో ఆధారం లేదు. పరిశీలన నిలిచినంత మాత్రాన వివరణ నిలిచినట్లు కాదు. దానికి ప్రయోగం కావలె.

ఆ అవకాశం 1822లో ఒక ప్రమాదం వలన కలిగినది. అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకి పేలి పొట్టకు గాయమైనది. గాయం మానినా జీర్ణాశయంలోకి ఒక రంధ్రం మిగిలిపోయినది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రంగుండా జీర్ణక్రియను ఏండ్ల తరబడి పరీక్షించి 1833లో గ్రంథం ప్రకటించినాడు. కోపం, భయం కలిగినప్పుడు జీర్ణాశయపు లోపలి పొర రంగు మారడాన్ని అతడు కంటితో చూచినాడు. ఎక్స్-కిరణాలు కనుగొన్న కొద్ది కాలానికే వాల్టర్ కానన్ పిల్లులకు బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి, వాటి జీర్ణాశయపు కదలికలను పరిశీలించినాడు. పిల్లి బెదరినప్పుడు ఆ కదలికలు నిలిచిపోయేవి. 1943లో వుల్ఫ్, వోల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు సెయింట్ మార్టిన్ వంటి రంధ్రమే ఉన్న మరొక మనిషిని పరీక్షించి, భయంతో ఆ పొర పాలిపోవడమూ, లోలోపలి కోపంతో ఎర్రబడి ఆమ్లం హెచ్చడమూ వర్ణించినారు.

ఇంతకూ దారి ఏమిటి? మెదడు నుండి వేగస్ నాడి జీర్ణాశయానికి పోతుంది. పేగుల గోడలలో కోట్ల నాడీకణాలు గల ప్రత్యేక నాడీజాలం ఉన్నది. వార్తలు రెండువైపులా నడుస్తవి. భయం కలిగినప్పుడు జీర్ణక్రియ మందగిస్తుంది. మామూలుగా తెలియని కదలిక కూడా నొప్పిగా తోచవచ్చును. కనుక పుండు ఏదీ కనిపించకపోయినా నొప్పి నిజమే.

ఈ విజయం మరొక పొరపాటుకు దారి తీసినది. 20వ శతాబ్ది మధ్యకాలంలో జీర్ణాశయపు పుండ్లకు మనోవ్యథే ముఖ్యకారణమని చాలమంది వైద్యులు నమ్మినారు. రోగులకు విశ్రాంతి, పాలు, పథ్యం చెప్పినారు. పుండ్లు మాత్రం తిరిగి తిరిగి వచ్చేవి. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ రోగుల జీర్ణాశయం నుండి తీసిన ఒక బాక్టీరియాను పెంచగలిగినారు. దాని నేటి పేరు హెలికోబాక్టర్ పైలోరి. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకొన్నాడు. పుండ్లలో అధికభాగానికి ఈ సూక్ష్మజీవి, మరికొన్నింటికి కొన్ని నొప్పి మాత్రలు కారణమని తేలినది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించినది. తగిన మందులతో సూక్ష్మజీవిని నిర్మూలిస్తే పుండు మళ్ళీ రావడం అరుదు.

ఈ చరిత్రలో తప్పులు రెండు వైపులా ఉన్నవి. 'అంతా మనసులోనే ఉన్నది' అన్నవారు సూక్ష్మజీవిని చూడలేదు. 'పుండు లేదు గనుక నొప్పి లేదు' అన్నవారు నాడిని మరచినారు. నల్లని మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్ర నుండి లేపే నొప్పి కనిపిస్తే దిగులని సరిపెట్టుకోరాదు; వెంటనే వైద్యుని చూడవలె. అవేవీ లేక, పరీక్షనాడే వచ్చి పరీక్షతోనే పోయే నొప్పికి మొదటి మందు ఉపాధ్యాయుని నోట ఉన్నది. పరీక్షకు ముందు కడుపు పట్టుకొన్న ఆ బాలుని 'నటించకు' అని గద్దించితే, ఉన్న భయానికి మరొక భయం తోడవుతుంది. అతని నొప్పి నిజమేనని ఒప్పుకొని, ఆ నొప్పి ఎట్లా కలుగుతుందో రెండు మాటలలో చెప్పడం ఉపాధ్యాయునికి కష్టమైన పని కాదు.