బంతి: ఒక పువ్వు పేరు వెనుక కథ

విశాఖలో బంతిపూలు లేని పండుగ లేదు. దసరా వస్తే ఉక్కు కర్మాగారంలో యంత్రాలకు, ఓడరేవు దారిలో లారీలకు, వీధిలో ఆటోలకు, ఇళ్ల గుమ్మాలకు బంతిపూల దండలే. మా వసతి గృహం ఆవరణలోనూ ఈ మొక్కలే ఎక్కువ. ఎండిన పువ్వును నలిపి చల్లితే చాలు, మొలకలు వస్తాయి. ఇంతగా మనదైన ఈ పువ్వు మన దేశంలో పుట్టలేదంటే మా పిల్లలు ఒక పట్టాన నమ్మరు.

బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడి మూలవాసుల నహువాత్ల్ భాషలో దీన్ని సెంపోవాల్‌షోచిత్ల్ అన్నారు. సెంపోవాల్లి అంటే ఇరవై, షోచిత్ల్ అంటే పువ్వు. రేకులు ఎక్కువగా ఉన్న పువ్వని భావం. 1521లో స్పెయిన్ సేనలు ఆజ్టెక్ రాజధానిని పట్టుకున్నాక ఆ నేల పంటలు, పూలు సముద్రాలు దాటాయి. మిరప, జామ, సీతాఫలం లాగే బంతి కూడా ఐరోపావారి రాకపోకలతోనే మన దేశానికి చేరింది.

ఇంగ్లీషువారు దీన్ని మేరీగోల్డ్ అన్నారు. మేరీమాత బంగారం అని అర్థం. నిజానికి అది వాళ్లకు ముందే తెలిసిన మరో పసుపు పువ్వు పేరు. ఉత్తర ఆఫ్రికాలో ఈ మొక్క పెరుగుతుండటం చూసి ఆఫ్రికన్ మేరీగోల్డ్ అన్నారు. ఆ పొరపాటు పేరు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 1753లో లిన్నేయస్ టాగెటిస్ ఎరెక్టా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఈ పేర్లలో ఎక్కడా మూలవాసుల మాట కనిపించదు. అయినా వాళ్ల మాట చావలేదు. మెక్సికోలో నేటికీ ఈ పువ్వును సెంపసూచిల్ అనే అంటారు. నవంబరు మొదటి రెండు రోజుల్లో పోయిన పెద్దలను తలచుకుంటూ సమాధులను ఈ పూలతోనే అలంకరిస్తారు. జనం నోట్లో ఉంది కాబట్టి ఆ పేరు నిలిచింది.

మన వాళ్లు పువ్వు గుండ్రదనం చూసి ఆట బంతి పేరే పెట్టారు. కన్నడంలో చెండు హూవు, చెండు అంటే బంతే. హిందీలో గేందా, గేంద్ అంటే బంతే. ఒడియాలో గెండు. ఉక్కు నగరంలో పనికి వచ్చిన బీహారు, ఒడిశా కుటుంబాల నోట ఈ పేర్లన్నీ వినవచ్చు. ఏ పండితుడూ చెప్పకుండానే ఇన్ని భాషలవారు ఒకే పువ్వులో ఒకే బంతిని చూశారు.

తెలుగులో ఇంకో బంతి కూడా ఉంది. అది పంక్తి నుంచి వచ్చిన మాట. భోజనానికి కూర్చునే వరుస అని అర్థం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఎవరు మొదటి బంతి, ఎవరు కడబంతి అన్నది ఒకప్పుడు కులాన్ని బట్టి ఉండేది. మన కొండల్లో ఆడవాళ్లు అడ్డాకులు కోసి కుట్టిన విస్తళ్లు మైదానంలో మొదటి బంతికి చేరేవి. ఆకు కోసిన చేతులకు మాత్రం ఆ బంతిలో చోటు లేదు. మా వసతి గృహంలో కొండదొర పిల్ల, కొంధు పిల్ల, పోర్జా పిల్ల ఒకే బంతిలో కూర్చుని తింటారు. బంతి అన్న మాట చెప్పినప్పుడల్లా మేము ఈ అర్థం కూడా వాళ్లకు చెబుతాం.

అన్నానికి ఒకే బంతి అయింది కానీ మాటకు ఇంకా కాలేదు. పాడేరు, అరకు, ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చిన పిల్లలకు కొండ పూల పేర్లు ఎన్నో తెలుసు. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో ఒక పేరు చెప్పగానే పక్కవాళ్లు నవ్వితే, ఆ పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తదు. రెండేళ్లు గడిస్తే అడిగినా గుర్తురాదు. సముద్రాలు దాటి వచ్చిన పువ్వుకు మనం సొంత పేరు పెట్టుకున్నాం. మన కొండ మీద పుట్టిన పువ్వుకు ఉన్న పేరును పోగొట్టుకోవడం న్యాయమా?

ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల దగ్గర వారి భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష బోధినిని, 1938లో నిఘంటువును వెలువరించారు. మనకు అంత పాండిత్యం అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. ఐక్యరాజ్య సమితి 2022 నుంచి 2032 వరకు మూలవాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. ఈ సంచిక చదివే పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మీ ఊరి పూల పేర్లు మీ మాటలోనే, తెలుగు లిపిలో రాయండి. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, ఆ పేరుకు అర్థం కూడా పక్కనే రాయండి. పిల్లల చేత గట్టిగా పలికించండి.