దొరల కంటే ముందే వచ్చిన పాట

శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేట... ఈ ఊళ్లలో ఏ బాప్టిస్టు సంఘానికి వెళ్లి "మీ గుడి ఎప్పటిది?" అని అడిగినా పెద్దలు "కెనడా దొరలు వచ్చినప్పటిది" అంటారు. లెక్కకు అది నిజమే. కెనడా తూర్పు తీరపు బాప్టిస్టు మిషనరీలు తెలుగు నేల మీద కాలు పెట్టింది 1875లో. ఆ ప్రకారం 2025తో నూట యాభై ఏళ్లు నిండాయి. కానీ పుట్టినరోజును అక్కడే రాసేస్తే సగం కథ పోతుంది. దొరలు ఓడ దిగేనాటికే ఈ గడ్డ మీద తెలుగు క్రైస్తవ కీర్తన పుట్టి పెరిగింది.

విశాఖపట్నానికి లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లోనే వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఆ ఇద్దరికీ ఆనందరాయరు అనే పండితుడు తోడయ్యాక సువార్తలు తెలుగులోకి రావడం మొదలైంది. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అయితే అచ్చు పుస్తకం చదవగలిగిన వాళ్లు ఆనాడు ఊరికి ఎంతమంది?

ఆ లోటు తీర్చినవాడు పురుషోత్తమ చౌధరి.

ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పుట్టాడు. పూర్వీకులు బెంగాలీ బ్రాహ్మణులు. పెరిగింది ఒడియా, తెలుగు రెండూ వినిపించే సరిహద్దు ఊళ్లలో. 1833లో ఒడిశాలోని కటకం వెళ్లి బాప్తిస్మం పొందాడు. పర్లాకిమిడి నుంచి కటకానికి సుమారు మూడు వందల కిలోమీటర్లు, రైలు లేని కాలం. ఆ రోజుల్లో బ్రాహ్మణుడు బాప్తిస్మం తీసుకోవడమంటే కులాన్ని తెంచుకోవడమే. తరువాత ఆయన రాసిన పుస్తకాల్లో ఒకదాని పేరే 'కులాచార పరీక్ష'. చికాకోలులోనూ (నేటి శ్రీకాకుళం), విశాఖపట్నం వైపూ బోధకుడిగా తిరిగాడు. 1890లో కన్నుమూశాడు.

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఇప్పటికీ చాలా ఇళ్లలో బైబిలు పక్కనే ఉంటుంది. తెరిచి చూడండి. పాట తలమీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అడుగున రచయిత పేరు. ఎన్ని పేజీలు తిప్పినా చౌధరి పేరు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించకుండా, మన ఊరి భజన, మన కీర్తన ఏ పద్ధతిలో నడుస్తాయో ఆ పద్ధతిలోనే పల్లవి, చరణాలు కట్టాడు. అక్షరం ముక్క రాని కూలి మనిషి కూడా రెండు ఆదివారాలు వింటే మూడో ఆదివారానికి తనే ఎత్తుకుని పాడగలిగేలా కట్టాడు. ఈ సంఘాలకు మొదటి బడి ఆ పాటే.

కెనడా వారి రాక ఒక పొరపాటు అంచనాతో మొదలైంది. 1873లో సాన్‌ఫర్డ్, చర్చిల్, ఆర్మ్‌స్ట్రాంగ్ తదితరులు కరెన్ అనే కొండజాతి ప్రజల మధ్య పనిచేయాలని సయాం (నేటి థాయ్‌లాండ్) వెళ్లారు. అనుకున్నంతమంది కరెన్లు అక్కడ కనబడలేదు. అప్పటికే కాకినాడలో ఉన్న సాటి కెనడియన్లు రమ్మని పిలిస్తే 1875లో ఇటు వచ్చారు. ఆ తరువాత సాన్‌ఫర్డ్ భీమిలిలో, ఆర్మ్‌స్ట్రాంగ్ చికాకోలులో, చర్చిల్ బొబ్బిలిలో కుదురుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య హన్నా మరియా సామాన్యురాలు కాదు. పెళ్లికి ముందే, 1870లో, నోవాస్కోషియాలో ఊరూరా తిరిగి మిషను పనికి చందాలు పోగుచేసే మహిళా సమాజాలు స్థాపించింది. చికాకోలు బంగళాల వెనుక ఆ పల్లెటూరి ఆడవాళ్ల చిల్లర డబ్బులున్నాయి. బొబ్బిలిలో ఏళ్ల తరబడి ఉన్న చర్చిల్ భార్య మటిల్డా ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి.

సంఘం పెరిగింది మాత్రం నెమ్మదిగానే. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాగావళి, వంశధార మధ్య అలాంటి రోజు రాలేదు. ఇక్కడ ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక వీధి, అలా కలుస్తూ వచ్చారు. దీన్ని లోటుగా చూడనక్కర్లేదు. ఇలా కలిసినవాళ్లు పాతుకుపోయారు.

పాతుకుపోయేలా చేసింది ఆడవాళ్లు. మగ బోధకుడు గడప తొక్కలేని ఇళ్లలోకి బైబిలు స్త్రీలు అని పిలిచే బోధకురాళ్లు వెళ్లారు. చదువు చెప్పారు, పాట నేర్పారు. ఇక పిడికెడు బియ్యం సంగతి. అన్నం వండే ముందు ఎసట్లో పోయవలసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన వేరే కుండలో వేస్తారు. ఆదివారానికి ఆ కుండ గుడికి వస్తుంది. తామే కూలికి పోయి తెచ్చుకున్న బియ్యంలోంచి తీసిన పిడికెడది. కోత పండగనాడు తొలి గుమ్మడికాయ, పనసపండు, కోడిపెట్ట బల్ల ముందుకు వస్తే వేలం పాడతారు. విదేశీ చెక్కు ఆగినా సంఘం ఆగకపోవడానికి కారణం ఇదే.

కెనడా వారి వైద్యం సోంపేటలో పేరుకెక్కింది. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ కంటి శస్త్రచికిత్సలు చేశారు. ఆయన మాటలు విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థకు నాంది పలికారు. పాతిక డాలర్లిస్తే ఒకరికి చూపు వస్తుందన్న ఆ లెక్క సోంపేట ఆపరేషన్ బల్ల మీద పుట్టిందే.

దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. చౌధరి పేరు పాటల కింద ఉంది. ఆ బైబిలు స్త్రీల పేర్లు, కుండలో బియ్యం వేసిన తల్లుల పేర్లు మాత్రం పాత బాప్తిస్మ రిజిస్టర్లలో, ట్రంకు పెట్టెల అడుగున ఉన్న చీటీల్లో, గోడ మీద రంగు వెలిసిన ఫొటోల వెనుక మిగిలాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఇళ్ల కప్పులు లేపిందో చూశాం. చెదలకైతే తుపాను కూడా అక్కర్లేదు. మీ ఇంట అలాంటి కాగితం, ఫొటో, చేతిరాత పాటల పుస్తకం ఏదున్నా సంఘ కాపరికి చూపించండి, నకలు తీయించండి. అమ్మమ్మ పేరు, ఆమె ఊరు, బాప్తిస్మం పొందిన ఏడు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.