కిస్మత్‌పూర్‌లో బుఖారా ఖాజీ

హిమాయత్‌సాగర్ దగ్గరి కిస్మత్‌పూర్‌లో ఉన్న ఖిలిచ్ ఖాన్ సమాధి గురించి మన చరిత్రలు చెప్పేది రెండే ముక్కలు. మొదటి నిజాముకు తాత. గోల్కొండ ముట్టడిలో గుండు దెబ్బ తిని చనిపోయాడు. రెండూ నిజమే. కానీ ఆ మనిషి జీవితంలో ఎక్కువ భాగం అందులో లేదు.

అసలు పేరు ఖ్వాజా ఆబిద్. సమర్‌ఖండ్ ప్రాంతంలో పుట్టి, బుఖారాలో ఖాజీ అయి, షేఖుల్ ఇస్లాం పదవి దాకా ఎదిగాడు. షాజహాన్ ఏలుబడి చివర్లో హిందూస్థాన్ వచ్చి, 1658 వారసత్వ యుద్ధంలో ఔరంగజేబు పక్షాన నిలిచాడు. 1687లో ఔరంగజేబు ముట్టడించిన గోల్కొండ కోట కింద చెయ్యి తెగింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే, రెండో చేత్తో కాఫీ తాగుతూ పరామర్శకు వచ్చినవాళ్లతో మాట్లాడాడని చెబుతారు. కొద్ది రోజులకే కన్నుమూశాడు.

ఈ కాఫీ కథను నేను కాదనను. దాని వెనక ఖాజీ మరుగున పడిపోవడమే నా అభ్యంతరం. ఔరంగజేబు ఆయనకు అజ్మీర్, ముల్తాన్ సుబాలు అప్పగించాడు. సదర్ పదవి కూడా ఇచ్చాడు. పండితులకు ఇనాం భూములు, ధర్మాదాయాలు, ఖాజీల నియామకాలు చూసే కొలువది. ఆ చోటు శాస్త్రం చదివినవాడికే దక్కేది. కొడుకు షిహాబుద్దీన్‌కు వచ్చిన సంబంధం చూడండి: షాజహాన్ వజీరు సాదుల్లా ఖాన్ కూతురు. సాదుల్లా ఖాన్ కూడా చదువుతోనే పైకొచ్చినవాడు. ఆ దంపతులకు 1671లో పుట్టినవాడే ఖమ్రుద్దీన్, తర్వాత నిజాముల్ ముల్క్ అయిన మొదటి నిజాము. అసఫ్‌జాహీల, అంటే నిజాముల రాజ్యానికి పునాది కత్తి ఒక్కటే అనే వాదన అందుకే నాకు సరిపోదు. అలాగని దక్కన్‌ను మనవడి చేతికి తెచ్చిన 1724 నాటి షకర్‌ఖేడా యుద్ధంలో గెలుపును తాత ఖాతాలో వేయలేం. తాత పోయేనాటికి మనవడికి పదహారేళ్లు కూడా నిండలేదు. తండ్రి సైన్యం, మనవడి సొంత ఎత్తుగడలు లేకుండా ఆ రాజ్యం లేదు.

గోల్కొండ చివరి కుతుబ్ షాహీ సుల్తాను తానీషాను తలుచుకునే తెలుగువాళ్లకు ఖిలిచ్ ఖాన్ దండెత్తి వచ్చినవాడే. ఆ మాట దాచక్కర్లేదు. అయినా సమాధిని కాపాడటానికి అది అడ్డు కాకూడదు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేయించిన పనిని మెచ్చుకుంటాను. అయితే ఆ రాజవంశాన్ని కూల్చిన సేనలోని పెద్ద మనిషి ఈ నగరంలోనే ఉన్నాడన్న ఎరుక మనకు పెద్దగా లేదు. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి హిమాయత్‌సాగర్ వైపు దూసుకుపోయే ఐటీ ఉద్యోగులకు ఆ పేరైనా తెలియాలి. ఆయన గురించి చెప్పేటప్పుడు నిజాము తాత అన్నదానికంటే ముందు ఖాజీ, సదర్ అని చెప్పాలి.