విండ్సర్ అంటే కోట ఒక్కటే కాదు: గైడుతో ఊరు నడిచి చూడండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు తప్పకుండా తీసుకెళ్లే చోట్లలో విండ్సర్ ఒకటి. కోట చూసి, బయట ఫొటోలు దిగి, తెచ్చుకున్న పులిహోర తిని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాం. క్యూలు, మెట్లు, ఆడియో గైడులోని ఇంగ్లిషుతో పెద్దవాళ్లు అలిసిపోతారు. కోట కిందే, థేమ్స్ నది ఒడ్డున ఉన్న అసలు ఊరిని మాత్రం ఎవరూ చూడరు. దాన్ని చూపించేవే అక్కడి గైడెడ్ వాకింగ్ టూర్లు.

చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఊరి నడక టికెట్ వేరు, కోట టికెట్ వేరు. నడకలో కోటను మామూలుగా బయటి నుంచే చూపిస్తారు. మొదటి విలియం సుమారు 1070లో కట్టించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి 1992 అగ్నిప్రమాదం దాకా కథంతా గోడ పక్కన నిలబడే వినొచ్చు. కోటకు సాధారణంగా మంగళ, బుధవారాలు సెలవు. నన్నడిగితే ఊరు నడవడానికి ఆ రోజులే హాయి.

పెద్దవాళ్లకు బాగా నచ్చేది హై స్ట్రీట్‌లోని గిల్డ్‌హాల్. 17వ శతాబ్దం చివర్లో ఈ భవనాన్ని పూర్తి చేసింది సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్. పై అంతస్తు కూలిపోతుందేమోనని ఊరి పెద్దలు భయపడి మధ్యలో స్తంభాలు పెట్టమన్నారట. ఆయన పెట్టాడు గానీ, అవి పైకప్పును తాకకుండా సందు వదిలేశాడట. ఇది జనం చెప్పుకునే కథే అయినా సందు మాత్రం ఇప్పటికీ కళ్లకు కనిపిస్తుంది. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరైన మా మామగారు వచ్చిన నెల రోజులుగా ఇంట్లో పెద్దగా మాట్లాడింది లేదు. అక్కడ పావుగంట మెడ ఎత్తి చూసి, ఆ గైడును ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. 2005లో చార్లెస్, కెమిల్లాల రిజిస్టర్ పెళ్లి జరిగింది కూడా ఇక్కడేనని గైడు చెప్పినా ఆయన పట్టించుకోలేదు!

పక్కనే ఒరిగిపోయిన ‘క్రుకెడ్ హౌస్’, దాన్ని ఆనుకుని క్వీన్ షార్లెట్ స్ట్రీట్ ఉంటాయి. ఆ వీధి పొడవు 51 అడుగుల 10 అంగుళాలే. పిల్లలు అడుగులు లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తిరుగుతారు. హై స్ట్రీట్‌లోనే ఒక నీలం రంగు పోస్టు డబ్బా కూడా ఉంది, 1911లో హెండన్ నుంచి విండ్సర్‌కు విమానంలో ఉత్తరాలు తెచ్చినందుకు గుర్తుగా.

అక్కడి నుంచి దిగువకు వస్తే నది. 1824 నాటి వంతెన ఇనుములో పగుళ్లు కనబడటంతో 1970లో దాని మీద బండ్లు ఆపేశారు. ఇప్పుడు నడిచేవాళ్లకు, సైకిళ్లకే. అవతలి ఒడ్డు ఈటన్. అక్కడి కాలేజీని ఆరో హెన్రీ రాజు 1440లో పెట్టింది 70 మంది పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించడానికి. ఇప్పటి ఫీజు ఎంతో గైడును అడిగి మీవాళ్లకు చెప్పి చూడండి.

మామూలు నడక గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. కోట గుట్ట మీద ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే పై నుంచి కిందికి నడవడమే మేలు. స్లౌలో రైలు మారి విండ్సర్ అండ్ ఈటన్ సెంట్రల్‌లో దిగండి. నది దగ్గర నడక ముగించి, రివర్‌సైడ్ స్టేషన్‌లో నేరుగా వాటర్లూ రైలు ఎక్కేయొచ్చు. చర్చ్ స్ట్రీట్‌లో రాళ్లు పరిచిన దారి, స్ట్రోలర్ కుదుపుతుంది. బ్లూ బ్యాడ్జ్ ఉన్న గైడు అయితే శిక్షణ పొంది పరీక్షలు పాసైనవారని అర్థం. నాలుగైదుగురు పెద్దవాళ్లుంటే రెండు కుటుంబాలు కలిసి ప్రైవేటు గైడును మాట్లాడుకోండి. నెమ్మదిగా మాట్లాడమని, మధ్యమధ్యలో మీరు తెలుగులో చెప్పేదాకా ఆగమని బుక్ చేసేటప్పుడే అడగండి. గుంపు టూర్‌లో అలా అడగడం కష్టం.