ఫాల్గుణ మాసం, పరీక్షలు, ఒక వన్స్‌మోర్

ఉప్మాకలో చదువుకున్నవాళ్లకి ఫాల్గుణ మాసం వస్తే రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి గరుడాద్రి వెంకన్న కల్యాణం, రెండోది పదో తరగతి పరీక్షలు. రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడేవి. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలు కూడా ఆడేవారు. పుస్తకం పట్టుకోవాలా, పందిట్లోకి పోవాలా అన్న ప్రశ్న మనలో చాలామందికి ఎదురైనదే. 1974లో నేను పందిట్లోకే పోయాను. ఆ రాత్రి సంగతీ, దాని వెనకున్న తొంభై ఏళ్ల సంగతీ ఈ స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోవాలనిపించింది.

ఇప్పుడు మన మనవలు వేల రూపాయలు పోసి టికెట్టు కొనుక్కుని, సినిమా గాయకుల కచేరీలకి వెళ్లి, గొంతు పోయేలా అరిచి అర్ధరాత్రి ఇంటికొస్తున్నారు. ‘మా కాలంలో ఇలాంటివి లేవు’ అని మనం అంటాం. ఎందుకు లేవు? మన కాలంలో దాని పేరు ‘కృష్ణరాయబారం’.

తెలుగు నాటకం మొదట్లో ఇంత పాటగా లేదు. 1880లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. అందులో ఉన్నది వచనమే. 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ కూడా వచన నాటకమే. మరో పక్క బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు నాటకంలోకి పద్యాన్నీ పాటనీ తెచ్చారు. జనం ఆ దారే పట్టారు. తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చాయి. వాటిలో ‘పాండవోద్యోగం’, ‘పాండవ విజయం’ కలిపి ఊరూరా ఆడారు. చదువు రానివాడు కూడా ఒకసారి వింటే అర్థం చేసుకోగల తెలుగులో ఆ పద్యాలున్నాయి. హార్మోనియం తోడై, రాగం కుదిరేసరికి అవి నేటి సినిమా పాటల్లా జనం నోట్లో పడ్డాయి.

దాంతో పద్యం పాడేవాడికి అభిమానులు తయారయ్యారు. నోట్లో వేలు పెట్టి ఈలతో రాగం తీసే కల్యాణం రఘురామయ్య గారు ‘ఈలపాట’ రఘురామయ్యగానే అందరికీ తెలుసు. 1975లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మన ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టిన పీసపాటి నరసింహమూర్తి గారు (1920–2007) కృష్ణుడి వేషానికి మారుపేరు. రాగం వెనక మాట మరుగున పడకుండా పాడేవారని పెద్దలు చెప్పుకునేవారు. ఏ కృష్ణుడు గొప్ప అని టీ కొట్టు దగ్గర జరిగే వాదనలు ఈనాటి హీరోల అభిమానుల తగాదాలకి తీసిపోయేవి కావు.

ఈ అభిమానం వల్లే ‘కాంట్రాక్టు నాటకం’ పుట్టింది. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపిస్తాడు. కలిసి రిహార్సలు వేసుకోరు. ఎవరి పద్యాలు వారికి వచ్చు, అంతే. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వస్తారు. కొత్తవాడికి వింతగా ఉంటుంది గానీ, అభిమానికి ఒకే రాత్రి ఇద్దరు కృష్ణుల్ని పోల్చి చూసే అవకాశం.

ఇక ఆ రాత్రి సంగతి. నన్ను తీసుకెళ్లింది మా చిన్నాన్న. బెల్లం వండే రోజులవి. పగలంతా గానుగ దగ్గర పెనం ముందు మాడి, సాయంత్రం నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుని, తుండుగుడ్డ భుజాన వేసుకుని ‘రారా గుంటా’ అన్నాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు. పరీక్షలని మా అమ్మ అడ్డుకుంటే, ‘పద్యాలే కదొదినా, అదీ చదువే’ అన్నాడు.

గోనెపట్టా పరుచుకుని ముందు వరసలో కూర్చున్నాం. ఘంటసాల గారు ఫిబ్రవరి 11న పోయి అప్పటికి నెల తిరగలేదు. తెర లేచేముందు హార్మోనిస్టు అందర్నీ నిలబడమన్నాడు. పందిరంతా లేచి నిలబడింది. విజయనగరంలో మధుకరం చేసుకుని సంగీతం నేర్చుకున్న మనిషి ఆయన. 1970లో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన రజతోత్సవానికి 30 వేల మందికి పైగా వచ్చారు. మా పందిట్లో ఉన్నది ఐదారు వందల మంది. ఆయన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడని చిన్నాన్న తుండుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

రాయబారం సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. కృష్ణుడు ఒక పద్యం ఎత్తుకుని చివరి పాదంలో రాగం సాగదీశాడు. చిన్నాన్న లేచి ‘వన్స్‌మోర్’ అని కేక వేశాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క మాటే. వెనక నుంచి ఈలలు. కృష్ణుడు నవ్వి, అదే పద్యం వేరే సంగతులతో మళ్లీ పాడాడు. చిన్నాన్న స్టేజి ఎక్కి ఆయన అంగీకి పది రూపాయల నోటు పిన్నుతో గుచ్చి దిగాడు. ఆ పేరు మైకులో చదివారు. ఆ పది రూపాయలు మూడు రోజుల కూలి. ఆ సంగతి మా పిన్ని చాలా ఏళ్లు ఎత్తి పొడిచింది. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులవి.

మర్నాడు బళ్లో కునుకుతుంటే తెలుగు మాస్టారు పట్టుకున్నారు. నిజం చెప్పేశాను. ఆయన కొట్టలేదు. ‘ఏదీ, ఆ పద్యం చదువు’ అన్నారు. రాగం తీసి పాడాను. ‘రాగం తీసేసి అర్థం చెప్పు’ అన్నారు. నోరు పెగల్లేదు. ‘నువ్వు విన్నది తిరుపతి వేంకట కవుల పద్యం. తిక్కన గారి భారతంలోనూ ఈ రాయబారమే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదువు, పరీక్షకి అదే చదువు’ అన్నారు.

సాయంత్రం గానుగ దగ్గరికి పోయి చిన్నాన్నని అడిగాను. పెనంలో పాకం కలుపుతూనే, ఒక్కో పాదం ఆపి, యుద్ధం వస్తే ఎవరికి ఏం నష్టమో కృష్ణుడు ఎలా బెదిరిస్తున్నాడో, ఎలా బతిమాలుతున్నాడో విడమరిచి చెప్పాడు. పుస్తకం ఉన్న నాకు తెలియంది పుస్తకం లేని ఆయనకి తెలుసు. ఇరవై ఏళ్లు రాత్రుళ్లు కూర్చుని విని నేర్చుకున్న చదువది.

తర్వాత సినిమా, టీవీ ఇంటింటికీ వచ్చాయి. నాటకాలు తగ్గాయి. కాంట్రాక్టు నాటకాల్లో అతి కూడా పెరిగింది. ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసి కథని పక్కన పెట్టేసినవాళ్లూ ఉన్నారు. అవి పోవడానికి కారణం జనం ఒక్కరే కాదు.

మొన్న మా మనవడు విశాఖలో ఒక కచేరీకి వెళ్లొచ్చి, గొంతు బొంగురు పోయి మాట రాక నిలబడ్డాడు. రేపు పరీక్ష. వాళ్లమ్మ కేకలేస్తోంది. నేను వాణ్ణి ఒకటే అడిగాను, ఆ పాటలో మాటలేమిటో చెప్పమని. కాసేపు ఆలోచించి, ‘రేపు చెప్తాను తాతా’ అన్నాడు.

నేను ఎదురుచూస్తున్నాను.